సుబ్బిశెట్టికి జీవో, వీరబాహుడికి ఈల: పద్యనాటకంలో ఎవరి మనోభావాలు లెక్కకొస్తాయి?

2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటక ప్రదర్శనను రాష్ట్రమంతటా నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు రాసిన ఆ నాటకానికి అప్పటికి వందేళ్లు నిండాయి. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా చేస్తూ వచ్చిన ఫిర్యాదు ఆ నిషేధానికి కారణం. నిషేధాన్ని ప్రశ్నిస్తూ కొందరు హైకోర్టుకు వెళ్లారు. కళాకారులు రోడ్డెక్కారు. చర్చ మాత్రం రెండు ముక్కల్లోనే తిరిగింది. భావప్రకటనా స్వేచ్ఛ అని ఒకరు, కులం మనోభావాలు అని మరొకరు.

ఆ రెండు పక్షాల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. చింతామణి ఆడే ఊరి నాటక సమాజమే, అదే హార్మోనియంతో, అదే పరదాల ముందు, మరో రాత్రి సత్య హరిశ్చంద్ర ఆడుతుంది. అందులో వీరబాహుడనే కాటికాపరి వస్తాడు. కల్లుకుండ, దుడ్డుకర్ర, తూలే నడక, మొరటు మాట. అతణ్ని చూపి ‘చండాలుడు’ అన్న మాటను ఎన్నిసార్లు పలుకుతారో లెక్క లేదు. జనం ఈలలు వేస్తారు. ఈ పాత్ర ఎవరి మనోభావాలనైనా గాయపరుస్తుందా అని ఏ ప్రభుత్వమూ ఏ కమిటీనీ వేయలేదు.

వీరబాహుడి మీద కూడా జీవో తెమ్మని మేము అడగడం లేదు. నిషేధంతో వాడకు న్యాయం జరగదని చెప్పడానికే ఇది రాస్తున్నాం. అయితే పద్యనాటకంలో మనం ఎక్కడున్నాం, ఎవరు రాసిన పాత్రలో ఉన్నాం, మన మాట ఆ వేదిక మీదికి ఎలా వెళ్లింది, ఇక ముందు ఎలా వెళ్లాలి అన్నది విద్యార్థులూ ఉద్యమకారులూ మాట్లాడుకోవాల్సిన విషయం. ఎందుకంటే ఈ కళ చచ్చిపోలేదు. కోస్తా జిల్లాల్లో తిరునాళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ, పరిషత్తు పోటీలకీ పద్యనాటకం ఇంకా పడుతూనే ఉంది. పాడేవాళ్లలో, తబలా వాయించేవాళ్లలో, రంగులు పూసేవాళ్లలో, తెర లాగేవాళ్లలో మనవాళ్లున్నారు.

‘ఔత్సాహిక’ అన్న మాటకు ఒక కులం ఉంది

తెలుగులో ఔత్సాహిక నాటక సమాజాల చరిత్ర రాసేవాళ్లు బళ్లారితో మొదలుపెడతారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరస వినోదినీ సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. ఇద్దరూ న్యాయవాద వృత్తిలో ఉన్నవాళ్లు. విజయనగరంలో మహారాజు అండతో జగన్నాథ విలాసినీ సభ 1892లో గురజాడ కన్యాశుల్కాన్ని ప్రదర్శించింది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. వకీళ్లు, ఉపాధ్యాయులు, జమీందార్ల కొలువులవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు, వేషం వేసినందుకు డబ్బు తీసుకోనవసరం లేనివాళ్లు ఈ సమాజాలు నడిపారు. డబ్బు కోసం కాకుండా ఇష్టం కోసం ఆడతారు కాబట్టి వాళ్లు ‘ఔత్సాహికులు’.

అదే కాలంలో, అంతకు చాలా ముందునుంచీ, తెలంగాణ పల్లెల్లో చిందు మాదిగలు రాత్రంతా యక్షగానం ఆడుతున్నారు. అందులో పాట ఉంది, పద్యం ఉంది, వచనం ఉంది, నృత్యం ఉంది, కిరీటాలూ భుజకీర్తులూ ఉన్నాయి. సంగీత నాటకానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ దాన్ని ‘నాటకరంగం’ అనలేదు. ‘జానపదం’ అన్నారు. వాళ్లను సమాజం అనలేదు, ఆశ్రిత కులం అన్నారు. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ జీవితమంతా వేదిక మీదే గడిపినా, తెలుగు నాటక చరిత్రలో ఆమె పేరు చివరి అధ్యాయంలోకి, అదీ జానపద కళల పట్టికలోకి వెళ్లింది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. కానీ గుర్తింపు ఒక వ్యక్తికి వచ్చింది. ఆ కళను నాటకంగా గుర్తించడం ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి ‘ఔత్సాహిక నాటక సమాజం’ అనే మాట మనం అనుకున్నంత అమాయకమైంది కాదు. తీరిక ఎవరికుంది, చందా ఎవరు వేయగలరు, రిహార్సలుకు ఎవరి ఇంటి వసారా దొరుకుతుంది, ఆ వసారాలోకి ఎవరు అడుగుపెట్టగలరు అన్నవన్నీ ఆ మాట వెనక ఉన్నాయి. పూర్వపు సమాజాల్లో దళితుడు తెర లాగగలిగి ఉండొచ్చు. రాముడి వేషం మాత్రం అతనికి దక్కేది కాదు.

చూసేవాళ్ల వరుసలో కూడా కులం కూర్చుంటుంది. నాటక పరిషత్తు పుట్టిన తెనాలికి దగ్గర్లోనే చుండూరు ఉంది. 1991లో అక్కడ గొడవ సినిమా హాల్లో మొదలైంది. ఒక దళిత విద్యార్థి కాలు ముందు వరుసలోని ఆధిపత్య కులస్థుడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేశారు. వినోదం దగ్గర అందరూ ఒకటే అని చెప్పేవాళ్లు ఈ ఒక్క సంఘటన గుర్తుంచుకుంటే చాలు.

రాజు పడిన గొయ్యి, మన ఇల్లు

ఇప్పుడు హరిశ్చంద్ర కథ దగ్గరికి వద్దాం. తెలుగు వేదిక మీద ఎక్కువగా నిలిచింది బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం. ఆడిన మాట తప్పని రాజు రాజ్యం పోగొట్టుకుంటాడు, భార్యను అమ్ముకుంటాడు, కొడుకును అమ్ముకుంటాడు, చివరికి తనను తాను కాటికాపరి వీరబాహుడికి అమ్ముకుంటాడు. చిన్నప్పుడు ఈ కథను నాటకంగా చూసి కదిలిపోయానని గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దేశమంతా ఈ కథను సత్యానికి నిర్వచనంగా చూసింది.

వాడనుంచి చూస్తే కథ వేరేలా కనిపిస్తుంది. రాజు ఎంత లోతుకు పడిపోయాడో ప్రేక్షకుడికి తెలియాలి. ఆ లోతును కొలవడానికి నాటకం వాడుకున్న కొలబద్ద మనం. రాజ్యం పోవడం కష్టమే. బిడ్డ చావడం దుఃఖమే. కానీ కథ చివరి మెట్టుగా పెట్టింది దళితుడి కింద పనిచేయడాన్ని. రాజు పడగలిగిన అతి లోతైన గొయ్యి మన ఇల్లు. మన తాతలు తరతరాలుగా చేసిన పని రాజు కొన్నాళ్లు చేస్తే అది కరుణ రసం. మనం చేస్తే అది కులధర్మం.

ఇంకో విషయం. మార్కండేయ పురాణంలోని కథలో చివరికి ఆ కాటి యజమాని నిజానికి ధర్మదేవతే అని తేలుతుంది. రాజు చండాలుడికి కాకుండా దేవుడికే ఊడిగం చేశాడన్నమాట. ఇందులో ఉన్న తెలివి గమనించాలి. కాటికాపరికి చివర్లో గౌరవం దక్కుతుంది, అతను కాటికాపరి కాదని రుజువయ్యాక. దళితుడిగా ఉండగా దక్కని గౌరవం, దళితుడు కాదని తేలాక దక్కుతుంది. కథలో వీరబాహుడు ఒక దొంగ వేషం. నిజం కాటికాపరికి కథలో చోటే లేదు.

దీనికి ఒక జవాబు వస్తుంది. అదే నాటకంలో బ్రాహ్మణుణ్ని కూడా ఎగతాళి చేశారు కదా అని. నిజమే. విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు అప్పు వసూలుకు వెంటపడి పీడించే హాస్య పాత్ర. అతని పేరు తెలుగులో సామెతలా నిలిచిపోయింది. వదలకుండా వెంటపడేవాణ్ని నక్షత్రకుడు అంటాం. కానీ రెండు ఎగతాళులూ ఒకటి కాదు. నక్షత్రకుణ్ని చూసి నవ్వేది అతను చేసే పనిని చూసి. ఆ నవ్వు వల్ల మర్నాడు ఏ బ్రాహ్మణుడినీ ఎవరూ బావి దగ్గర ఆపలేదు. వీరబాహుణ్ని చూసి నవ్వేది అతని పుట్టుకను చూసి. ఆ నవ్వు పందిట్లో ఆగదు. మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గరికి, బడిలోకి వస్తుంది.

‘చండాల’ అన్న మాట సంగతే చూడండి. తెలుగు రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితాలో అది ఒక కులం పేరు. అదే మాటను మన తెలుగులో అసహ్యమైన దేన్నయినా తిట్టడానికి వాడతాం. అన్నం బాగోలేకపోతే ‘ఛండాలంగా ఉంది’ అంటాం. చదువుకున్నవాళ్లూ అంటారు, కొన్నిసార్లు మనవాళ్లే అంటారు. ఒక కులం పేరు భాషలో తిట్టుగా మారి, ఆ తిట్టు అలవాటైపోయి, చివరికి అది కులం పేరని మర్చిపోవడం వందేళ్ల వేదిక ఒక్కటే చేసిన పని కాదు. కానీ వేదిక ఆ మాటకు రాగం కట్టింది.

సుబ్బిశెట్టి ఫిర్యాదు ఎందుకు చెల్లింది?

చింతామణి రాసిన కాళ్లకూరి నారాయణరావు సంస్కరణవాది. కట్నం మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ, వేశ్యావ్యసనం మీద చింతామణి రాశారు. ఊరూరా ఆడుతూ ఆడుతూ చింతామణిలో సుబ్బిశెట్టి భాగం పెరిగింది. రచయిత రాయని బూతు చేరింది. ఒక కులంవాళ్లకు అది బాధ కలిగించిందంటే ఆ బాధ అబద్ధమని మేము అనం. బడిలో పిల్లవాణ్ని ‘సుబ్బిశెట్టి’ అని ఏడిపిస్తే ఆ పిల్లవాడి కన్నీళ్లకు కులం అడగక్కర్లేదు.

అయితే ఆ నాటకంలో గాయపడేది సుబ్బిశెట్టి ఒక్కడేనా? నాటకం పేరే ఒక వేశ్య పేరు. చింతామణి, ఆమె చెల్లెలు చిత్ర, తల్లి శ్రీహరి. తల్లి కూతురితో వ్యాపారం చేయించడం అందులో హాస్యం. కళావంతుల కులంలో పుట్టిన స్త్రీలు ఈ నాటకం చూస్తూ ఏమనుకున్నారని ఎవరైనా అడిగారా? 1947లో మద్రాసు రాష్ట్రం, 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టాలు చేయాల్సివచ్చింది. జోగినులుగా మార్చబడిన ఆడపిల్లల్లో అత్యధికులు దళితులు. వాళ్ల తరఫున ఏ సంఘమూ సచివాలయానికి వెళ్లి చింతామణి మమ్మల్ని అవమానిస్తోందని చెప్పలేదు. చెప్పినా ఎవరు వింటారు?

మనోభావాలకు బరువు తూచే త్రాసు సచివాలయంలో ఉంటుంది. దానిమీద నొప్పికి బరువు లేదు. సంఘానికి ఉన్న ఆస్తికీ, ఓట్లకూ, ఎన్నికల చందాలకూ బరువుంది. వర్తకుడి పరువు ఆ త్రాసులో తూగింది. వేశ్య పరువూ కాటికాపరి పరువూ త్రాసు దాకా కూడా రాలేదు. ఇదే నిషేధ రాజకీయాల అసలు స్వభావం. అందుకే ‘వాళ్లకు ఇచ్చారు కదా, మాకూ ఇవ్వండి’ అనే వాదన మనకు పనికిరాదు. ఆ త్రాసును ఒప్పుకుంటే అందులో ఎప్పుడూ తేలిపోయేది మనమే.

నిషేధం ఎవరి మీద పడుతుందో కూడా మనకు అనుభవమే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకాన్ని ప్రజానాట్యమండలి పల్లెపల్లెకూ తీసుకెళితే ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. భూమి అడిగిన నాటకం రాజ్యానికి ప్రమాదంగా కనిపించింది. నాటకాలను అదుపు చేయడానికి 1876లో బ్రిటిషువాళ్లు చేసిన చట్టం స్వతంత్రం వచ్చాక కూడా ఏడు దశాబ్దాలు పుస్తకాల్లో ఉండి, ఈ మధ్యనే రద్దయింది. చట్టం పోయినా అలవాటు పోలేదు. నిషేధం అనే కత్తిని మనమే పదును పెట్టి ఇస్తే, రేపు కారంచేడు మీదో చుండూరు మీదో నాటకం వేసే కుర్రాళ్ల మెడ మీదికే అది వస్తుంది. శాంతిభద్రతలు, మనోభావాలు అన్న మాటలు అప్పుడు ఎవరి నోట వస్తాయో వేరే చెప్పాలా?

చింతామణి నిషేధంతో వెంటనే దెబ్బతిన్నది ఆ నాటకం ఆడి బతికేవాళ్లు. పేరుకు ఔత్సాహిక సమాజాలే అయినా, ఇవాళ పల్లెల్లో నాటకం ఆడేవాళ్లలో చాలామందికి ఆ రాత్రి వచ్చే డబ్బు ఇంటి ఖర్చుకు కావాలి. ముఖ్యంగా స్త్రీ పాత్రలు వేసే కళాకారిణులకు. ఒకప్పుడు స్థానం నరసింహారావు లాంటి పురుషులు చింతామణి వేషం వేసి పేరు తెచ్చుకున్నారు, పద్మశ్రీ అందుకున్నారు. ఇప్పుడు ఆ వేషం వేసే ఆడవాళ్లకు పందిట్లో చప్పట్లూ, పందిరి బయట నిందలూ దొరుకుతున్నాయి. ప్రభుత్వం వర్తకుడి పరువు కాపాడి, వాళ్ల తిండి తీసేసింది. ప్రత్యామ్నాయంగా ఏం చూపించింది?

జాషువా ఆ కాటిలోకి ఎలా వచ్చాడు?

ఈ కథలో మనకు దారి చూపే సంగతి ఒకటుంది. హరిశ్చంద్ర కాటిసీనులో ప్రేక్షకులు వన్స్ మోర్ అని అరిచి మళ్లీ మళ్లీ పాడించుకునే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువావి. శ్మశానవాటిక అన్న ఖండికలోవి. బలిజేపల్లి నాటకం రాసే నాటికి జాషువా ఇంకా కవిగా పేరు తెచ్చుకోని కుర్రవాడు. తర్వాతి కాలంలో నటులే ఆ పద్యాలను తెచ్చి సీనులో కలిపారు. డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్ర పాత్రధారుల గొంతులో అవి ఊరూరా మోగాయి. ఇవాళ జాషువా పద్యం లేని కాటిసీనును జనం ఒప్పుకోరు.

ఇది చిన్న విషయం కాదు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టి, అంటరానివాడని సాహిత్య సభల్లోనే అవమానాలు పడి, రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే వాచకుడిగా కూడా పనిచేసి, 1941లో గబ్బిలం రాసిన దళిత కవి మాట, అగ్రకుల పురాణ నాటకం గుండెకాయలోకి వచ్చి కూర్చుంది. ఏ జీవో తేలేదు. ఏ అకాడమీ సిఫారసు చేయలేదు. పద్యం బలం వల్ల వచ్చింది, నటుడి అవసరం వల్ల వచ్చింది, జనం కోరిక వల్ల నిలిచింది.

ఆ పద్యాల భావం ఏమిటి? శ్మశానంలో రాజూ పేదా, కవీ చిత్రకారుడూ, పసిబిడ్డా తల్లీ అంతా ఒకే మట్టి అని. చావు ముందు హెచ్చుతగ్గులు లేవని. ఊళ్లో ఒక శ్మశానంలో దహనానికి చోటు దొరకని కులంలో పుట్టినవాడు ఆ మాట రాశాడు. ఇవాళ్టికీ ఎన్నో పల్లెల్లో ఊరి శ్మశానం వేరు, వాడ శ్మశానం వేరు. దళితులకు శ్మశాన స్థలం కేటాయించమని ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసుల ముందు ధర్నాలు జరుగుతున్నాయి. రాత్రి పందిట్లో జాషువా పద్యానికి కన్నీళ్లు పెట్టుకున్న మనిషే, మర్నాడు దళితుడి శవం తన పొలం గట్టు మీదుగా పోతే అడ్డంపడొచ్చు. పద్యం గెలిచింది. పద్యం చెప్పిన మాట ఇంకా గెలవలేదు.

ఒకే సీనులో రెండు దళిత రూపాలున్నాయన్న సంగతి కూడా చూడాలి. ఒకటి వీరబాహుడు, ఇతరులు రాసిన దళితుడు. మొరటువాడు, తాగుబోతు. రెండోది కనిపించని జాషువా, తనను తాను రాసుకున్న దళితుడు. తత్త్వం చెబుతాడు, కరుణ పలికిస్తాడు. కానీ ఆ తత్త్వం పలికేది హరిశ్చంద్రుడి నోటి నుంచి. దళితుడి మాట రాజు నోట్లోకి వెళ్లింది, దళితుడి ఒళ్లు మాత్రం కల్లుకుండ పట్టుకుని పక్కన నిలబడింది. చాలాసార్లు కరపత్రం మీద హార్మోనిస్టు పేరుంటుంది, మైకుసెట్టు పేరుంటుంది, చందాదారుల పేర్లుంటాయి. జాషువా పేరుండదు.

ఇక్కడే మా వాదన. చింతామణిలో బూతు ఎలా చేరిందో, హరిశ్చంద్రలో జాషువా అలాగే చేరాడు. ఔత్సాహిక వేదిక మీద రాతప్రతి ఎన్నడూ వేదవాక్కు కాదు. నటులు కలుపుతారు, తీసేస్తారు, పెంచుతారు, కుదిస్తారు. సీను సీనుగా విడగొట్టి ఆడతారు. రాయబారం ఒక్కటే ఆడతారు, కాటిసీను ఒక్కటే ఆడతారు. ‘సంప్రదాయం, ముట్టుకోవద్దు’ అనేవాళ్లకు ఈ వేదిక చరిత్రే జవాబు. వందేళ్లుగా ముట్టుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు మనం ముట్టుకుంటామంటేనే మైలా?

వాడ సమాజాలు చేసిన పని

వేదికను తనదిగా మార్చుకోవడం వాడకు కొత్త కాదు. 1940ల్లో బోయి భీమన్న పాలేరు నాటకం రాశారు. పశువులు కాసే దళిత కుర్రవాడు చదువుకుని పైకి రావడం దాని ఇతివృత్తం. దాన్ని ఊరూరా కుర్రాళ్లు ఆడారు. అందులో దళితుడు ఎవరి పతనానికీ కొలబద్ద కాదు. కథ అతనిదే. అంతకు ముందే 1920లో త్రిపురనేని రామస్వామి శంబుకవధ రాసి రాముడి కథను కింది నుంచి చదివారు. చిందు కళాకారులు మాదిగల ముందు ఆడే జాంబ పురాణంలోనైతే జాంబవంతుడు సృష్టికి ముందే పుట్టినవాడు. బ్రాహ్మణుడితో వాదానికి దిగి ఎవరు పెద్దో తేల్చుకుంటాడు. అంటే వేదిక మీద ప్రశ్న అడిగే దళితుడు మన సంప్రదాయంలోనే ఉన్నాడు. అతణ్ని కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, పందిట్లోకి పిలవాలి.

ఇవాళ బడిపంతుళ్లు, రైల్వే ఉద్యోగులు, బ్యాంకు గుమాస్తాలు, కూలిపనికి పోయేవాళ్లు కలిసి వాడల్లో నాటకాలు వేస్తున్నారు. ఏప్రిల్ 14 వస్తే అంబేడ్కర్ జయంతికి, సెప్టెంబరు 28 వస్తే జాషువా జయంతికి పద్యం పాడేవాళ్లున్నారు. వాళ్ల ఇబ్బందులు అందరికీ తెలిసినవే. హార్మోనిస్టు పట్నం నుంచి రావాలి. డ్రెస్సులు అద్దెకు తేవాలి. రిహార్సలుకు కమ్యూనిటీ హాలు తాళం ఇచ్చేవాడి దయ కావాలి. పరిషత్తు పోటీలకు వెళితే బస్సు ఖర్చులు సొంతం. న్యాయనిర్ణేతల బల్ల మీద మనవాళ్లు ఎప్పుడోగాని కనిపించరు. ప్రభుత్వం నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి బహుమతులిస్తుంది. ఆ పోటీ దాకా వెళ్లే దారి ఖర్చు ఎవరు భరించగలరన్నది ఎవరూ అడగరు.

మిత్రులు కొందరు అట్రాసిటీ చట్టం కింద కేసు పెడితే సరిపోదా అని అడుగుతుంటారు. 1989 చట్టంలోని సెక్షన్ 3, పదిమంది ముందు కులం పేరుతో దూషించడాన్ని నేరం అంటుంది. ఒక నటుడు వేదిక మీద ఆ మాటను ఎదురుగా ఉన్న దళితుడిపై విసిరితే, లేదా నాటకం సాకుతో వాడను తిడితే, ఆ చట్టం వాడాల్సిందే. కానీ పాత నాటకంలోని ప్రతి సంభాషణనూ పోలీసుస్టేషనుకు తీసుకెళ్లడం వేరే సంగతి. దాడులకూ హత్యలకూ ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవడానికే ఏళ్లు పోరాడే చట్టాన్ని సంభాషణల మీద ఖర్చుచేయడం మనకు నష్టం. పైగా ఆ కేసులో ముద్దాయిగా దొరికేది వీరబాహుడి వేషం వేసిన నిరుపేద నటుడే. చాలాచోట్ల అతను మన కుర్రాడే.

అడగాల్సినవి, చేయాల్సినవి

నాటక సమాజాలను, పరిషత్తులను, ప్రభుత్వాన్ని, మనల్ని మనం కూడా అడగాల్సినవి కొన్నున్నాయి.

మొదటిది పేరు. జాషువా పద్యం పాడే ప్రతి కాటిసీను ముందు ఆయన పేరు మైకులో చెప్పాలి, కరపత్రంలో వేయాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు. చెప్పనన్న సమాజం ఉంటే ఎందుకు చెప్పరో అక్కడే అడగాలి. నాటకం చెడగొట్టకుండా, మొదలయ్యేముందు వెళ్లి మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు. అడిగేవాళ్లు లేకే ఇన్నాళ్లూ చెప్పలేదు.

రెండోది వీరబాహుడు. పాత్రను తీసేయమని కాదు, తాగుబోతు వేషం తీసేయమని. కథ ప్రకారం అతను ఆ కాటికి యజమాని. ధర్మం తెలిసినవాడు. రాజును కొనగలిగినవాడు. శవానికి సుంకం అడగడం అతని నియమం, దాన్ని రాజుకు కూడా నేర్పినవాడు. ఆ పాత్రను నిటారుగా నిలబెట్టి ఆడించడానికి మూలంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ‘చండాల’ అన్న మాటను హాస్యం కోసం వాడే అదనపు సంభాషణలు ఎవరు కలిపారో వాళ్లే తీసేయాలి. పోటీలు నడిపే పరిషత్తులు కుల దూషణతో నవ్వు పుట్టించే ప్రదర్శనకు మార్కులు తగ్గిస్తామని నియమావళిలో ఒక వాక్యం రాస్తే, ఎన్నో సమాజాలు ఆ ఏడాదే మారతాయి. జీవో చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేస్తుంది.

మూడోది చింతామణి. నిషేధం బదులు కూర్చుని మాట్లాడే పద్ధతి కావాలి. రచయిత రాసిన నాటకం వేరు, తర్వాత చేరిన బూతు వేరు. ఆ తేడా తేల్చడానికి నటులు, వైశ్య సంఘాలు, కళావంతుల కుటుంబాల స్త్రీలు, జోగినీ వ్యవస్థకు వ్యతిరేకంగా పనిచేసేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒక కులం ఫిర్యాదు విని తలుపులేసుకోవడం సులువు. అందరినీ పిలిచి వినడమే ప్రజాస్వామ్యం.

నాలుగోది డబ్బూ చోటూ. సాంస్కృతిక శాఖలూ, ఎస్సీ సంక్షేమ శాఖలూ జయంతుల రోజున దండలకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చులో కొంత వాడ సమాజాలకు హార్మోనియం, తబలా కొనివ్వడానికి, గురుకులాల్లో పద్యం నేర్పించడానికి పెట్టాలి. చిందు యక్షగానాన్ని విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు ‘జానపదం’ గదిలోంచి తీసి నాటకం పాఠంగా చెప్పాలి. మనం పరిశోధన చేసేవాళ్లం కూడా కళాకారుల దగ్గరికి రికార్డరు పట్టుకుని వెళ్లి, డాక్టరేటు పట్టా వచ్చాక మళ్లీ కనిపించకుండా పోయే పద్ధతి మానుకోవాలి.

ఐదోది కొత్త రచన. జాషువా పద్యం రాజు నోట్లోంచి వినడం ఇక చాలు. ఆ పద్యాలను కాటికాపరి పాడే సీను ఎవరైనా రాయాలి. కరోనా రోజుల్లో సొంత బిడ్డలు కూడా ముట్టడానికి భయపడిన శవాలను మోసి, కాల్చి, పూడ్చిన మనుషులు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లలో ఎవరూ వేషం మార్చుకున్న ధర్మదేవత కాదు. జీతం కోసం, గుర్తింపు కోసం ఇంకా అర్జీలు పెట్టుకుంటున్న మనుషులు. ఆ మనిషి వేదిక మధ్యలోకి వచ్చి, దేవుడిగా మారాల్సిన అవసరం లేకుండా, కాటికాపరిగానే గౌరవం అడిగే రోజు సత్య హరిశ్చంద్రకు కొత్త అర్థం వస్తుంది.

మన పల్లెల్లో పద్యం ఇంకా బతికి ఉంది. పద్యానికి చప్పట్లు కొట్టే చేతులూ ఉన్నాయి. ఆ చప్పట్లు ఎవరి మాటకు పడుతున్నాయో ఆ చేతులకు తెలియజెప్పడం మన పని. వచ్చే సెప్టెంబరు 28న మీ ఊళ్లో కాటిసీను పడితే, తెర లేవకముందే వెళ్లి ఆ ఒక్క పేరు చెప్పించండి. అక్కడి నుంచి మిగతావి అడుగుదాం.

జై భీమ్.